చర్చిని భుజాన ఎత్తుకున్న మేస్త్రి

"ఆ గంట దించింది నేనేనబ్బా. ఎవురో క్రేన్ తెచ్చినారని చెప్తారు, నమ్మబాకండి."

ఫ్లోరా టీ అంగడి ముందర బల్ల మీద కూర్చుని మొదలుపెట్టాడు సమాధానం మేస్త్రి. పక్కన మైపాడు నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే పెంచల్. ఆ పక్కన, రిటైరైన టీచరు కరుణాకుమారి, చర్చిలో స్త్రీల కూటానికి ఇంకా టైముందని టీ తాగుతోంది. రోడ్డుకి అవతల కొత్త చర్చి, ముందంతా అద్దాలే, ఎండకి మెరుస్తోంది.

"ఈ అద్దాల మేడ చోట ఏముండిందో నీకు తెలీదు పెంచలా. దొరలు కట్టించిన చర్చి. కట్టించింది దొరలే గానీ, రాయి మోసింది మా తాతలు. గానుగ సున్నం గోడలు, మూడడుగుల మందం. ముప్పై ఏళ్ళు ప్రతి క్రిస్మస్సుకీ సున్నం కొట్టింది నేనే. ఊళ్ళో పాత చర్చీలన్నీ ఒకటొకటే మారిపోయినాయి గదా. ఒకదాని ముందర అంగళ్ళ వరస లేచింది, గోపురం కొన మాత్రం కనపడతాది. ఇంకోదానికి పెంకులు తీసి రేకులేసినారు, వాన పడితే అయ్యగారి ప్రసంగం ఇనపడదు. మనదాన్నయితే ఏకంగా పడగొట్టాలనుకున్నారు. ముందు గంట దించాల. మేస్త్రీ, నువ్వే దించాలన్నారు. తాడు కట్టినా, ఇద్దరు కూలీలు పట్టుకున్నారు, మెల్లిగా దించినా."

"అంతేనా?" అన్నాడు పెంచల్.

"అంతేనా అంటావా? సగానికొచ్చేతలికి కూలీలిద్దరూ తాడొదిలేసి పారిపోయినారు! నేనొక్కణ్ణే ఒంటిచేత్తో పట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? దాన్ని కరగబోస్తారని ఎవురో చెవిలో ఊదినారు. సరేనని గంటను భుజానేసుకొని కొడవలూరు దారి పట్టినా. హైవే మీద లారీలన్నీ పక్కకి తప్పుకొని నిలబడినాయి. నా నడకకి గంట ఊగి ఒక్కసారి మోగింది. ఒక్కసారే! ఆ మోతకి దొరవారిసత్రం కాడ చెట్ల మీదుండే కొంగలన్నీ లేచి వచ్చి నా నెత్తిన నీడ పట్టినాయి."

"దొరవారిసత్రం యాడ, కొడవలూరు యాడన్నా!" ఫ్లోరా నవ్వింది.

"పాత గంట గదమ్మా, దూరం పోతాది దాని మోత. ఇప్పుడుండాదే, స్పీకరు గంట, గేటు దాటి రాదు."

గొంతు తడుపుకుని మళ్ళీ అందుకున్నాడు.

"తిరిగొచ్చి చూద్దును గదా, జేసీబీ గోడ మీదికి పోతా ఉండాది. ఒక దెబ్బ కొట్టింది. జేసీబీ పళ్ళు శెనక్కాయల మాదిరి రాలిపోయినాయి! ఇంకోటి తెచ్చినారు, దాని పళ్ళూ రాలినాయి. మూడోది కొడితే గోడ కొంచెం పగిలింది. ఆ పగులులోంచి ఏమొచ్చిందో తెలుసునా? పాట. నూటయాభై ఏళ్ళుగా జనం పాడింది గోడలు తాగుండాయి గదా. దెబ్బకొక పాట బయటికొస్తాది. ఒక దెబ్బకి పెళ్ళి పాట, ఒక దెబ్బకి సమాధి పాట. జేసీబీ డ్రైవరు దిగి నేల మీద కూర్చొని ఏడ్చినాడు. నాకింక తట్టుకోవడం కాలా. అడుగున చేతులు పెట్టి చర్చి చర్చినే పెళ్ళగించి భుజాన ఎత్తుకున్నా!"

"అమ్మో!" అంది ఫ్లోరా.

"బెంచీలతో సహా! ఒక్క పెంకు జారలా. తూర్పుగా నడిచి మైపాడు ఇసకలో దించినా. సముద్రం మెట్ల దాకా వచ్చింది, చూసింది, తడపకుండా వెనక్కి పోయింది."

"ఆడే గదన్నా మేం వలలు ఆరేసేది. నాకు కనపళ్ళేదే?"

"నువ్వు సముద్రం లోపల వేటలో ఉన్నావులే."

పెంచల్ తొడ మీద చరుచుకుని నవ్వాడు. నవ్వుతూనే అడిగాడు. "అంత కష్టపడి ఎత్తుకొచ్చినోడివి ఆడే ఉంచేసుంటే పోయేది గదా. పడగొట్టేసినారంటే మళ్ళీ తెచ్చి వాళ్ళ చేతికిచ్చినట్టే గదా, ఎందుకిచ్చినావు?"

"ఎందుకంటే... ఆ తర్వాత ఏమైందంటే..."

సమాధానం గ్లాసు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

కరుణాకుమారి అతని వైపు చూడకుండానే అంది. "నువ్వు చర్చిని ఎత్తలేదు సమాధానం. పడగొట్టేదానికి ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమని కమిటీవాళ్ళు అడిగినప్పుడు, అందరికంటే ముందు చెయ్యెత్తినావు."

ఫ్లోరా పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. పెంచల్ నవ్వు ఆగిపోయింది.

సమాధానం గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు గొంతు చిన్నదైపోయింది.

"ఎవాంజెలిన్‌కి మోకాళ్ళు పోయినాయక్కా. నీకు తెలుసు గదా. పాత చర్చికి తొమ్మిది మెట్లు. ఎత్తుకొని ఎక్కిస్తానంటే అందరి ముందర సిగ్గనింది. రెండేళ్ళు గేటు కాడ ఆటోలోనే కూర్చొని ఆరాధన ఇనింది నా పెండ్లాం. కొత్తదానికి మెట్లుండవు, ర్యాంపు కడతామన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొని పోవచ్చన్నారు. ఆ మాట ఇనంగానే నా చెయ్యి లేచిపోయింది."

ఎవాంజెలిన్ పోయేటప్పటికి కొత్త చర్చికి పునాది కూడా పూర్తి కాలేదని ఆ పేటలో అందరికీ తెలుసు. సమాధి ఆరాధన రోడ్డు మీద షామియానా వేసి చేశారు.

"నేను పెళ్ళి చేసుకున్న చోటు లేదు. ఆమెను తీసకపోను చర్చే లేదు. ఇప్పుడు ఆదివారం ఆ ర్యాంపు మీద నేనొక్కణ్ణే ఎక్కుతా ఉండాను."



"నీ వెనకాల లేచిన చెయ్యి నాదే," అంది కరుణాకుమారి.

"నువ్వెందుకెత్తినావక్కా?"

ఆమె రోడ్డుకి అవతల అద్దాల వైపు చూసింది.

"పాతదాంట్లో ఫ్యాను గాలి సరిగా రాదని," అంది. "అంతే సమాధానం. ఇంకేం లేదు."