షెహాతా గీసిన గెంతు

షుబ్రా ట్రాము మలుపు దగ్గర ఖమీస్ కాఫీ కొట్టులో షెహాతా కూర్చున్నాడంటే, ఆ పూట నలుగురి పనులు చెడినట్టే. సినిమా హాళ్ళ ముందు నిలబెట్టే పెద్ద పెద్ద బోర్డుల మీద హీరోల మొహాలు వేసి బతికే మనిషి. ఒక్కో ముక్కు మనిషంత పొడుగు గీసీ గీసీ, మాట కూడా ఆ కొలతకే అలవాటు పడిపోయింది.

ఆ రోజు మాత్రం చెడుతున్నది అతని పనే. టీవీ కొత్తగా వచ్చిన రోజులు. బొమ్మల సినిమాలు తీయడానికి ఊళ్ళో ఒక స్టూడియో పెట్టి, గీసే చేతులు కావాలన్నారు. ఎవరైనా రావచ్చు. కాగితాల మీద ఒక బొమ్మని కదిలించి చూపించాలి. ఆ రోజు మధ్యాహ్నం దాటాక అసర్ నమాజుకి అజాన్ వినపడితే తలుపు మూసేస్తారు. షెహాతా రెండేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది ఇలాంటి కబురు కోసమే. పొద్దున్నే భార్య ఇన్సాఫ్ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. కాగితాల కట్ట చంకన పెట్టుకుని మధ్యాహ్నం ఊపుగానే బయల్దేరాడు. ట్రాము ఎక్కాల్సిన చోట, ఒక్క టీ తాగి వెళ్దాంలే అని కూర్చున్నాడు. ఆ టీ అయ్యాక ఇంకోటి చెప్పాడు. అక్కడికి వచ్చేవాళ్ళంతా కాలేజీలో బొమ్మలు నేర్చుకున్న కుర్రాళ్ళేనని ఎవరో అన్న మాట గొంతులో అడ్డం పడింది. టీ దిగుతోంది గానీ అది దిగడంలేదు. భయమేస్తే కొందరి నోరు మూతపడుతుంది. షెహాతాకి తెరుచుకుంటుంది.

"ఏంటా కట్ట, షెహాతా?" అని అడిగాడు దర్వీష్. ట్రాములో కండక్టరుగా చేసి రిటైరైన ముసలాయన. హుక్కా గొట్టం నోట్లో ఉంటే ఏది చెప్పినా నమ్ముతాడు.

"ఇదా? ఏముందన్నా, ఏదో నా పిచ్చి. వేసవిలో ఆరుబయట వేసే సినిమాలో మన గిర్గిస్ ఆపరేటర్ లేడూ, వాడి మెషీన్లో రీలు ఇరుక్కుని కాలినప్పుడల్లా ఆ ముక్క కత్తిరించి పారేస్తాడు. అసలు సినిమాకి ముందు బొమ్మల సినిమా వేస్తారే, దాని ముక్కలు మాత్రం పారెయ్యకురా, నాకియ్యి అన్నాను. మా మిద్దె మీద పావురాల గూడు పక్కన కూర్చుని ఎండకి ఎత్తిపట్టి చూస్తే ఏముంది, గోరంత కప్ప. దాని కింద ఇంకో కప్ప. దాని కింద ఇంకోటి. పక్కపక్కన పెడితే తేడా తెలీదు. కానీ ముక్క ఈ చివర కప్ప నేల మీద ఉంది, ఆ చివర గాల్లో ఉంది. మరి ఎప్పుడు లేచినట్టు? అది పట్టుకునేదాకా నాకు తిండి సహించలేదన్నా."

ఇంతవరకూ అక్షరం పొల్లుపోని నిజం. గోరంత కప్పని అరచెయ్యంత చేసి కాగితం మీదకి ఎక్కించాడు, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా. వేళ్ళ మధ్య కాగితాలు ఇరికించుకుని, ఒకటి లేపి ఒకటి పడేస్తూ, కప్ప కదిలిందా లేదా అని చూసుకున్నాడు. కదిలేది కాదు. వణికేది. మళ్ళీ మొదలుపెట్టేవాడు. వీధి చివర వడలమ్మేవాడు ఏడాదిపాటు పొట్లాలు కట్టింది షెహాతా చెడగొట్టిన కప్పల్లోనే. ఇన్సాఫ్ తిట్టింది, ఏడ్చింది, చివరికి ఇంట్లో మిగిలిన కాగితం కూడా తెచ్చి ఇచ్చింది.

"చివరికి దొరికింది," అన్నాడు షెహాతా. "దూకే ముందు కుంగుతోంది. పైకి పోవాల్సింది ముందు కిందికి పోతోంది. కుంగకుండా దూకిందనుకో, ఎవడో దారం కట్టి లాగినట్టుంటుంది. నేనేమో ఆ కుంగుడు వదిలేసి గెంతు ఒక్కటే గీస్తున్నా, మొద్దు వెధవని."

"ఇందులో కోత ఏముంది? నిజంలాగే ఉందే," అన్నాడు కొట్టు యజమాని ఖమీస్, గాజు గ్లాసులు తుడుస్తూ.

ఆ మాటకి షెహాతాకి పౌరుషం పొడుచుకొచ్చింది. బయట ట్రాము వచ్చి ఆగింది. అటు చూసి, కట్ట మీద చెయ్యి వేసి, మళ్ళీ ఇటు తిరిగాడు. ట్రాము వెళ్ళిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సినిమావాళ్ళు కుంగుడుకి రెండు బొమ్మలు వేస్తే నేను పది వేశాను. చూద్దాం, ఏమవుతుందో అని. వేసి, కాగితాలన్నీ ఒక్కసారి బొటనవేలితో టరటరా వదిలాను. కప్ప లేచింది. కాగితంలో లేవడం కాదన్నా, కాగితం దాటి లేచింది. నా మొహం పక్కనుంచి చల్లగా దూసుకుపోయి, మెట్ల మీంచి కిందకెళ్ళి, ఇన్సాఫ్ వండుతున్న ములూఖియా ఆకు పులుసులో పడింది."

మూల బల్ల దగ్గర డామినో ఆడుతున్న బయ్యూమీ తల ఎత్తాడు. మంగలి. ఇన్సాఫ్‌కి తమ్ముడు. పొద్దున షెహాతాకి గడ్డం గీసింది అతనే.

"మా అక్క పులుసులో కప్పా బావా? ఆ రోజు నేనూ అక్కడే తిన్నట్టున్నానే."

"నీకు రాలేదులే. నా ముద్దలో వచ్చింది. పెన్సిలు రుచి."

దర్వీష్ సానుభూతిగా తల ఊపాడు. "పెన్సిలు అరగదు," అన్నాడు.

"కప్పంటే తేలిక జంతువు," అని షెహాతా కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "బరువున్నదాన్ని లేపితే కదా మగతనం అనుకున్నా. మన కిరసనాయిలు బండివాడి గాడిద ఉందే, ఆ కుంటిది, దాన్ని చూసి గీశాను. దానికి పది కుంగుళ్ళు ఏ మూలకి? కాగితాల దొంతర మొత్తం కుంగుడే. గాడిద పొట్ట నేలకి ఆనింది, గడ్డం ఆనింది, చెవులు కూడా ఆనాయి. నైలు ఒడ్డుకి తీసుకెళ్ళి టరటరా వదిలాను. అంతే. అవతలి ఒడ్డున ఇంబాబాలో పెళ్ళి ఊరేగింపు నడుస్తోంది, సరిగ్గా డప్పులవాళ్ళకీ పెళ్ళికొడుక్కీ మధ్య దిగింది. ఎవరో కానుక పంపారనుకుని పెళ్ళికొడుకు ఎక్కి కూర్చున్నాడు."

"ఆ పెళ్ళికి నేను వెళ్ళాను," అన్నాడు దర్వీష్. "గాడిద ఉంది."

"విన్నారా? కానీ ఒక్క తప్పు చేశాను. చెప్పడానికి సిగ్గు. గీసేవాడెవడూ మరిచిపోకూడనిది. లేచేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కుంగాలి. దిగిన బరువు మోకాళ్ళలో ఇంకాలి. ఆ బొమ్మలు గియ్యడం మరిచిపోయా. ఇంకేముంది, గాడిద నేలకి తగిలీ తగలగానే బంతిలా మళ్ళీ లేచింది, పెళ్ళికొడుకుతో సహా. గీజాలో ఒకసారి తగిలింది. తంతా ఊళ్ళో ఒకసారి తగిలింది, అక్కడ పెళ్ళికొడుకు గాల్లోంచే వేయించిన శనగలు కొన్నాడు. అలెగ్జాండ్రియా రేవులో తగిలేసరికి కస్టమ్స్ ఆఫీసరు ఆపి, మనిషికి సరే, గాడిదకి పాస్‌పోర్టేదీ అన్నాడు. అబద్ధమైతే నా పెళ్ళాం నాకు తలాక్."

"ఆ ఒట్టు వెయ్యకు మేస్త్రీ," అన్నాడు ఖమీస్. "నీ మాటలు లెక్కేస్తే ఇన్సాఫమ్మ నీకు పెళ్ళాం కాకుండా పోయి ఎన్నేళ్ళయిందో మసీదులో అడగాల్సొస్తుంది."

అందరూ నవ్వారు. షెహాతా అందరికన్నా గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే వీధి వైపు చూశాడు. ఎదురు గోడ మీద ఎండ సగానికి పైగా దిగిపోయింది. ఇంకో ట్రాము వచ్చి నిలబడింది. లేద్దామనుకున్నాడు. మళ్ళీ టీ చెప్పాడు. తెల్లచొక్కాలు వేసుకున్న కుర్రాళ్ళు వరసగా బల్లల ముందు కూర్చుని ఉంటారు. ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు. కాలిన ముక్కల దగ్గర అని చెప్పాలి. ఆ మాట చెప్పడం తలుచుకుంటేనే చెవులు వేడెక్కాయి. ట్రాము గంట కొట్టి కదిలింది.

"ఇంతకీ ఈ కట్టలో ఉన్నది గాడిదేనా?" అన్నాడు దర్వీష్.

"గాడిదదేముందన్నా, అది పిల్లచేష్ట." షెహాతా గొంతు ఇంకో మెట్టు ఎక్కింది. "ఇందులో ఉన్నది మనిషి. ఎవడో ఒకడు, నాలాంటి పొట్ట ఉన్నవాడు. రెండేళ్ళుగా గీస్తున్నా వీణ్ణి. రోజూ గీసింది కుంగుడే. ఇవాళ కాస్త, రేపు ఇంకాస్త. మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. వీడు కుంగిన కొద్దీ మా మిద్దె కూడా కుంగుతోంది, పావురాలు ఎగరడం మానేసి నడిచి వస్తున్నాయి. ఇంక ఒక్క బొమ్మ గీస్తే వీడు లేస్తాడు. ఎంత దూరం లేస్తాడంటారు?"

"అలెగ్జాండ్రియా?"

"అలెగ్జాండ్రియాకి గాడిద చాలదూ? వీడు చంద్రుడి మీదకి. రష్యావాళ్ళు, అమెరికావాళ్ళు ఇనప గొట్టాల్లో కూర్చుని పోదామని కొట్టుకుచస్తున్నారే, వీడు ఉత్త మోకాళ్ళతో పోతాడు. ఈ సంగతి ఎలా పొక్కిందో పొక్కింది. మొన్న శుక్రవారం మా ఇంటి ముందు నల్ల కారు ఆగింది. ఎవరనుకున్నారు? రమజానుకి నెలవంక చూసి చెప్పే పెద్దాయన. అంత పెద్దాయన నా గడ్డం పట్టుకున్నాడన్నా. నాయనా షెహాతా, నీ మనిషి వెళ్ళి చంద్రుణ్ణి గుద్దితే అది పక్కకి ఒరిగిపోతుంది, ఊళ్ళో సగంమంది ఉపవాసం ఉంటారు, సగంమంది పండగ చేసుకుంటారు, ఆ పాపం నీకెందుకు, ఆఖరి బొమ్మ మాత్రం గియ్యకు అన్నాడు. ఏం చెయ్యను? కావాలంటే క్షణంలో గీస్తాను. నలుగురి క్షేమం కోరి ఆగాను."

దర్వీష్ హుక్కా గొట్టం తీసి, "మంచిపని చేశావు," అన్నాడు మనస్ఫూర్తిగా.

బయ్యూమీ చేతిలో డామినో బిళ్ళలు బోర్లించి పెట్టాడు.

"బావా, వాడు దూకడు."

"ఎవడు?"

"నీ కట్టలోవాడు. దూకేవాడు అంతసేపు కుంగడు. రెండేళ్ళు కుంగితే మోకాళ్ళు పట్టేస్తాయి. ఇంక వాడు కుంగింది దూకడానికి కాదు, అలా కూర్చోడం అలవాటైపోయింది." బయ్యూమీ గొంతు పెంచలేదు, గడ్డం గీసేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడాడు. "వాణ్ణి చంద్రుడి దాకా ఎవరు పొమ్మన్నారు? స్టూడియో దాకా పోతే చాలు. నాలుగు స్టాపులు. నువ్వు కూర్చున్నప్పటినుంచీ ఎన్ని ట్రాములు పోయాయో చూస్తూనే ఉన్నాను."

ఖమీస్ ఫక్కున నవ్వబోయి షెహాతా మొహం చూసి మానేశాడు. దర్వీష్‌కి సంగతి అర్థం కాలేదు గానీ ఏదో అయిందని తెలిసి, గొట్టం నోట్లో పెట్టుకోకుండా పట్టుకుని కూర్చున్నాడు.

షెహాతాకి ఒళ్ళు మండింది. ఏదో ఒకటి అందామని నోరు తెరిచాడు. నల్ల కారు గురించి ఇంకో మాట, పెద్దాయన ఏడ్చిన సంగతి, ఏదైనా. ఒక్కటీ రాలేదు. ఇన్నేళ్ళలో ఆ నోటికి అలా జరగడం అదే మొదలు.

"వాళ్ళు నవ్వుతార్రా," అన్నాడు చివరికి, బయ్యూమీకి మాత్రమే వినపడేటట్టు. "నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాళ్ళు. కాలేజీవాళ్ళు."

"నవ్వనీ. ఇక్కడ మేం రోజూ నవ్వడంలేదూ? ఏమైనా తగ్గిపోయావా?"

షెహాతా అతని వైపు చూశాడు. కోపం పోలేదు. కానీ కోపం కింద ఇంకోటి కదిలింది. మిద్దె మీద మొదటిసారి కప్ప వణక్కుండా నేల వదిలినప్పటి సంతోషం. అప్పుడు పక్కన ఒక్క మనిషి లేడు, చెప్పడానికి ఒక్క కోత లేదు. ఒంటరిగా కూర్చుని మధ్యాహ్నమంతా ఆ కప్పనే దూకించుకున్నాడు. ఆ సంతోషాన్ని నలుగురు కుర్రాళ్ళు నవ్వుతారని వదులుకోవడమేమిటి అనిపించింది. అంత పిరికిగా బతకడం తనకి ఇష్టం లేదనిపించింది.

అప్పుడే మలుపులో గంట మోగింది. ట్రాము ఆగి, జనాన్ని ఎక్కించుకుని, కదలడం మొదలుపెట్టింది.

"దీని తర్వాతది అజాన్ అయ్యాకే," అన్నాడు దర్వీష్. ట్రాముల విషయంలో ఆయన మాట ఎప్పుడూ తప్పదు.

షెహాతా కట్ట లాక్కుని పరుగెత్తాడు. కుర్చీ వెనక్కి పడింది. పొట్ట ఊగుతోంది, చెప్పు ఒకటి జారిపోతే వేళ్ళతో బిగబట్టాడు. వెనక నుంచి ఎవరో పరుగెత్తు మేస్త్రీ అంటున్నారు. ట్రాము ఊపందుకుంటోంది, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాళ్ళు చేతులు చాపారు. ఎన్ని కాగితాల మీద నేర్చుకున్న విద్యో అది. కుంగడానికి వ్యవధి లేదు. దూకేశాడు.

మోకాలు ఇనప మెట్టుకి ఠంగుమని కొట్టుకుంది. ఎవరో కాలరు పట్టి లోపలికి లాగారు. ఇస్త్రీ చొక్కాకి భుజం దగ్గర నల్లటి మరక అంటింది. ఈ వయసులో ఏం పోయేకాలమని కండక్టరు తిట్టాడు. షెహాతా జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, కిటికీ దగ్గర ఒక ముసలమ్మని అడిగి చోటు చేయించుకుని, కట్ట ఒళ్ళో విప్పి అడుగున ఆఖరి బొమ్మకని ఉంచిన కాగితం బయటికి తీశాడు. అది ఇంకా తెల్లగానే ఉంది. మోకాలు భగభగ మండుతోంది. నేల వదిలిన మనిషికి మోకాలు ఎక్కడ ఉంటుందో రెండేళ్ళుగా తేలని సంగతి ఇప్పుడు తేలిపోయింది. ట్రాము కుదుపుతూనే ఉంది, అతను గియ్యడం మొదలుపెట్టాడు.