బిగించని బోల్టు

పొద్దుటి నుంచి కిందా మీదా పడి, ఇంటి ముందు తన పాత కారుకు కొత్త షాకబ్జార్బర్లు, కారు ఎత్తు తగ్గించే పొట్టి స్ప్రింగులు వేశాడాయన. జాకీ దించి, పానా చేతపట్టుకుని భార్యను పిలిచాడు.

“ఒక్కసారి లోపల కూర్చో. బరువు పడి స్ప్రింగులు సర్దుకున్నాకే ఈ బోల్టులు గట్టిగా బిగించాలి.”

“ఇన్నాళ్లకు నా బరువు కూడా పనికొచ్చిందన్నమాట!”

“ఎలా ఉంది?”

“బావుందండీ. పెళ్లిచూపుల్లో మీరు చెప్పిన కారులాగే ఉంది.”

“సరే, ఇక దిగు.”

“దిగుతాను, ఉండండి.”

“ఏమైంది?”

“ఏం లేదు. సీటు బాగా కిందికి పోయింది కదా, మోకాళ్లు లేవనంటున్నాయి.”

ఆయన పానాతో చక్రం పక్కన చతికిలబడ్డాడు.

“అదేంటి, విప్పుతున్నారు?”

“పాత స్ప్రింగులే వేసేస్తాను. నీ మోకాళ్ల సంగతి తట్టనేలేదు నా బుర్రకి.”

“ఇన్నేళ్లు కలవరించి, ఇప్పుడు విప్పేస్తారా? బిగించండి.”

“నువ్వు ఎక్కలేని కారు నాకెందుకే?”

“ఎక్కగలను. దిగడమే కష్టం. మీరిటు తిరిగొచ్చి చెయ్యిస్తే దిగుతాను.”

“ప్రతిసారీనా?”

“ప్రతిసారీ. బజారైనా సరే, మా పుట్టిల్లైనా సరే.”

“మీ అక్కాచెల్లెళ్లు నవ్విపోతారు.”

“కుళ్లిపోతారు.”

ఆయన బోల్టులన్నీ బిగించి, తలుపు దగ్గరకొచ్చి, చేతి జిడ్డు చొక్కాకు తుడుచుకోబోయాడు. ఆమె అంతవరకు ఆగలేదు. ఆ నల్లటి చెయ్యే పట్టుకుని లేచింది.