మేడమ్ కుర్చీ పక్కన కుండీ

అధ్యక్షత వహించిన డైరెక్టర్ గారికి, ముందు వరసలో పెద్దలకు, వెనక వరసలో బల్లల చాటున ఫోన్లు చూసుకుంటున్న మిత్రులకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్‌కి నమస్కారం. మన ఆఫీసు గదినే సభగా మార్చి, కిటికీలన్నీ బార్లా తెరిచి, మిమ్మల్ని చలికి వణికిస్తున్నది నేనే. ఎందుకో చెప్తాను, తిట్టుకోకండి.

"మా అక్క మట్టి వాసన చూసి జీతం తీసుకుంటుంది" అంటుంటారట మేడమ్ గారి చెల్లెలు. (నవ్వులు) అబద్ధమేం కాదు. మూతపడ్డ పెట్రోలు బంకుల కింద పాతిపెట్టి మరిచిపోయిన ట్యాంకులు తుప్పుపట్టి కారితే, ఆ కారినది ఎవరి ఇంటి కిందికి పాకిందో, మట్టి తీసి చూడడమే మన పని. నేను చేరిన కొత్తలో మేడమ్ ఒక ఇంటికి తీసుకెళ్ళారు. గదంతా గుప్పుమంటోంది, నా కళ్ళు మండుతున్నాయి, ఆ ఇంటావిడ మాత్రం "వాసనేంటి తల్లీ? నీ బట్టలకేమో చూసుకో" అంది. బయటికొచ్చాక మేడమ్, "అందులోనే బతికేవాళ్ళకి ముక్కే ముందు పోతుంది. వాళ్ళని కాదు, నేలని అడగాలి" అన్నారు.

మన ఆఫీసుకీ ఎప్పుడూ అదే వాసన. మట్టి సీసాలది, మన బూట్లది అనుకున్నాం. కిందటి నెల సీసాలన్నీ కొత్త భవనానికి తరలించారు, నేల కడిగారు. సెలవు నుంచి తిరిగొచ్చి తలుపు తీశాను. వాసన అలాగే ఉంది. మీకెవరికీ తెలియలేదు.

మేడమ్ కుర్చీ పక్కన ఆ కుండీ చూడండి. అందులో ఏ మొక్కా బతకదు. "నాది మొక్కల్ని చంపే చెయ్యి" అని ఆవిడ, "కాదండీ, మీ రిపోర్టులు వినలేక చస్తున్నాయి" అని డ్రైవర్ బాబాయ్. (నవ్వులు) సోమవారం నుంచి ఆ కుర్చీ నాదన్నారు కదా అని నిన్న మధ్యాహ్నం కుండీ జరిపాను. కింద ఇనుప మూత. ఊరివాళ్ళ పెరళ్ళలో మనం మోకాళ్ళ మీద పాకి వెతికే ట్యాంకు మూతే. మన ఆఫీసు ఒకప్పుడు లారీల షెడ్డని మనందరికీ తెలుసు. కానీ వెతికేది ఎప్పుడూ ఇతరుల నేలలోనే. మూత అంచుకి పెట్రోలు ఆవిరి కొలిచే మీటరు గొట్టం ఆనించాను. అది కూత ఆపలేదు.

మధ్యాహ్నమయ్యేసరికి మేడమ్‌కి వచ్చే తలనొప్పి, బయట ఎండలో పనిచేసిన రోజుల్లో రాదు. వింత తలనొప్పి అని నవ్వుకున్నాం.

ఆవిడకి నిన్ననే చెప్పాను. "మళ్ళీ కొలిచావా?" అన్నారు. కొలిచానన్నాను. మూత దగ్గరికి వంగి, "నాకెందుకు తెలియలేదే?" అన్నారు. నన్ను కాదు, ఆ మూతని. తర్వాత నాతో, "సభలో చెప్పు. అందరి ముందూ డైరెక్టర్ గారు కాదనలేరు" అన్నారు.

డైరెక్టర్ గారూ, నేల తవ్వి ట్యాంకు బయటికి తీసేదాకా ఆ కుర్చీలో నేను కూర్చోను, ఎవర్నీ కూర్చోనివ్వను. మేడమ్‌కి వైద్య పరీక్షలన్నీ ఆఫీసే చేయించాలి. తలూపారు, అందరూ చూశారు. (చప్పట్లు)

ఫలహారాలు బయట ఆవరణలో పెట్టించాను. బాబాయ్, ఆ అగ్గిపెట్టె జేబులోనే ఉండనివ్వండి. మేడమ్, నా చెయ్యి పట్టుకోండి. ఒక్క ప్రశ్న మిగిలింది. ఇంతసేపు కూర్చున్నాం కదా, ఇప్పుడు ఎవరికైనా వాసన వస్తోందా?

(ఎవరూ చెయ్యెత్తలేదు.)

నాకూ రావడం లేదు.

ఓపిగ్గా విన్నందుకు కృతజ్ఞతలు. ఇక బయటికి పదండి. సెలవు.