చీలలు తడిపే ఎర్నమ్మ

రేపు పొద్దున్నే సముద్రం ఒడ్డమ్మట నడిచి పాత రాళ్ళ క్వారీలన్నీ సూసొస్తామంటన్నారు, సూడండి, నేనేటి ఒద్దన్నానా? తెల్లదొరల పేర్లు సెక్కిన దిమ్మలున్నాయి, ఆటిని సూడండి, రాసుకోండి. కానీ మెట్ట దిగినాక సింతసెట్టు కింద నీళ్ళు నిలిచిపోయిన గొయ్యొకటుంది, ఎర్నమ్మ గొయ్యంటారు, అటేపు మాత్రం మేకలు తోలుకెళ్ళేవోడు కూడా పోడు. ఎందుకు పోడు? సదువుకున్నోళ్ళు గదా, అడుగుతారని నాకు తెల్దా! కూకోండి, సెప్తాను. ఒరే బాబూ, ఆ ఫోను లోపలెట్టు.

ఎర్నమ్మంటే ఎవరో కాదు, మా అప్ప. నా తోడబుట్టిన అక్క. ఆ రోజుల్లో మా రాయి పడవలెక్కి ఓడరేవు గోడలకి పోయేది. మందుగుండెడితే రాయి ముక్కలైపోద్ది, పెద్ద దిమ్మ కావాలంటే బండ మీద వరసగా బెజ్జాలు తొలిచి, ఎండిన తుమ్మచెక్క చీలలు దిగ్గొట్టి, ఆటిమీద నీళ్ళు పోస్తానే ఉండాల. చెక్క ఉబ్బుద్ది, ఉబ్బి ఉబ్బి ఇల్లంత బండని రెండు సేసేస్తాది. నమ్మరు గదా? నేను కళ్ళారా సూసినాను. ఆ నీళ్ళు పోసేది ఆడోళ్ళం, దానికొక కట్టుబాటుంది. చీల ఆరిపోతే పనంతా పాడు, అందుకని వంతుకొచ్చిన మనిషి చేతికి కడవ అందించేదాకా మొదటి మనిషి బండ దిగకూడదు. ఆకలేసినా అంతే, వానొచ్చినా అంతే.

పొద్దుట మా అప్ప వంతు, మజ్జాన్నం నించి నాది. నాకప్పుడు పదారేళ్ళు, బుద్ధి గడ్డి తిన్న వయసు. ఆ వారమే మా రోడ్డుకి కొత్తగా బస్సొచ్చింది, ఊరంతా ఎక్కొచ్చి సెప్పుకుంటన్నారు, నేనొక్కదాన్నే ఎక్కలేదు. ఏటి సేసినాననుకున్నారు? సంకలో ఉల్లిపాయెట్టుకుని పడుకున్నాను. ఒళ్ళు కాలిపోయింది. మా అప్ప నుదురు మీద చెయ్యేసి, అయ్యో దాలీ, నువ్వు పడుకోవే, నీ వంతు కూడా నేనే సూస్తాలే అని, గంజి కాసి పక్కనెట్టి మరీ ఎల్లినాది. అది అలా ఎల్లిందో నేదో, నేను ఇలా బస్సెక్కేసినాను. కిటికీ పక్కన కూకున్నాను కూడా.

పొద్దు వాలేవేళకి తిరిగొస్తంటే క్వారీకాడ ఏడుపులు. మజ్జాన్నం దాటినాక, నా వంతు వేళ బండ చీలిందంట, చీలిన ముక్క గోతిలోకి జారిపోయిందంట, దాంతోపాటు మా అప్ప. దిమ్మని ఎత్తడం ఎవరి తరమూ కాలేదు. వానలకి గొయ్యి నిండిపోనాది. మనిషిని దహనం కూడా సెయ్యలేకపోయినాం. నా నోటికి నిజం రాలేదు. జ్వరం తగ్గిందా అమ్మా అని మా అమ్మ ఏడుస్తానే అడిగింది, తగ్గలేదన్నాను.

అది జరిగిన మూడో నెల్లో, సందేళ కట్టెలేరుకోడానికి ఎల్లిన మా పెద్దమ్మకి సింతసెట్టు కింద తడి కోకతో మనిషి కనపడ్డాది. చంకన కడవ. పెద్దమ్మని సూసి, మా దాలికి జ్వరం తగ్గిందా అని అడిగిందట. తగ్గితే పంపు, నా వంతు అయిపోయి శానాసేపయింది అన్నాదట. పెద్దమ్మకి తెలివి పోనేదు, ఇంకా తగ్గలేదే తల్లీ అని సెప్పి వచ్చేసింది. అలాగా, పాపం, పడుకోనియ్యండి అన్నాదట మా అప్ప. వింటన్నారా? సచ్చి కూడా నామీద జాలే దానికి.

అప్పట్నించి ఎప్పుడైనా దారి తప్పి అటెల్లిన ఊరోళ్ళందరిదీ అదే మాట. తగ్గలేదు, తగ్గలేదు. నేను పెళ్ళి సేసుకున్నాను, ముగ్గుర్ని కన్నాను, మనవల్ని ఎత్తుకున్నాను, ఊరు మాత్రం నాకింకా జ్వరమేనని సెప్తానే ఉంది. ఉల్లిపాయ సంగతి ఆళ్ళకి తెల్దు. ఈ పూట మీకే సెప్పినాను, ఎందుకో మరి.

పోయిన నెల్లో కొలతలు కొలవడానికి ఒక సర్వే ఆయన వచ్చినాడు. మంచోడే, పొద్దుట నా చేతి టీ తాగి ఎల్లినాడు. ఆయనకేటి తెలుసు? సందేళ గొయ్యికాడ ఎవరో అడిగితే, దాలమ్మగారా, గుండ్రాయిలాగున్నారు, జ్వరమేటి అన్నాడంట. వచ్చి నాకే నవ్వుతా సెప్పినాడు.

ఆ మర్నాటి నించి, పొద్దు గూకేసరికి నా గడప బయట నిండు కడవ ఉంటాది. తెల్లారేసరికి ఉండదు. గడప చుట్టూ గొయ్యి నీళ్ళ తడి. పాతికరోజులైంది, దాని మీద చెయ్యెయ్యలేదు నేను. భయం. డెబ్బై దాటినా సావంటే భయమే, సిగ్గులేకుండా సెప్తన్నాను. కానీ అది అక్కడ ఎంతసేపని నిలబడతాది, మీరే సెప్పండి?

సరే, సీకటి పడ్డాది, లెగండి. రేపు ఆ గొయ్యికాడికి పోకండి, సూడ్డానికి అక్కడేటీ నేదు, నీళ్ళే. ఇప్పుడెల్లేటప్పుడు గడప బయట కడవ తగలకుండా దాటుకుని పోండి. బరువుగా ఉందని జాలిపడి ఎవరూ ఎత్తకండి. వంతు నాది.