ఒకటి నుంచి అయిదు దాకా

రెండ్రోజులండీ! రెండ్రోజుల్నించీ ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడుతున్నాను. మీరేమో మూతి ముడుచుకుని ఆ ల్యాప్‌టాప్‌లో తల దూర్చేశారు. మొగుడూ పెళ్ళాం కలిసి ఒకే సర్వే చేస్తే ఇదే గతి!

రేపు పొద్దున్న రిపోర్టు ఇవ్వాలి. ఆస్పత్రిలో టోకెన్ మిషన్ పెట్టాక రోగులకి సుఖంగా ఉందా, లేదా? అంతే కదా ప్రశ్న. లెక్కలు మీవి, మాటలు నావి, ముగింపు ఇద్దరిదీ అనుకున్నాం. ఇప్పుడా ముగింపు ఎవరు రాస్తారు, పక్కింటివాళ్ళా?

ఒప్పుకుంటాను. మొన్న ఆస్పత్రి మీటింగులో పెద్ద డాక్టరు ముందు, "మా ఆయన అంకెలు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాయి సార్, జనమే ఏడుస్తున్నారు" అన్నాను. అందరూ నవ్వారు. మీ మొహం చూశాక నాకు నవ్వు రాలేదు, నిజం.

అబ్బ, ఆ చూపొద్దు! మీరేమో అయిదుకి నాలుగున్నర మార్కులొచ్చాయంటారు. నేనడిగిన ప్రతివాళ్ళూ ఆ మిషన్‌కి శాపనార్థాలు పెట్టారే! ఒకావిడైతే దాన్ని కాలితో తన్ని మరీ చెప్పింది. ఎవర్ని నమ్మమంటారు?

అక్కడే పప్పులో కాలేశాను. ఇవాళ వాళ్ళ మాటల రికార్డింగులు మళ్ళీ విన్నాను. ప్రతిదాంట్లోనూ వెనకాల బకెట్ల చప్పుడు, నేల తుడిచే ఆవిడ "కాళ్ళు తియ్యండమ్మా" అనడం. అంటే నేను వెళ్ళింది రోగులు కూర్చునే హాలు ఖాళీ అయ్యే వేళకి! పని అయినవాళ్ళు ఎప్పుడో ఇంటికెళ్ళిపోయారు. బోర్డు మీద తమ నంబరు చదువుకోలేక మిగిలిపోయినవాళ్ళే నాకు దొరికారు.

మీరేం తక్కువ తిన్లేదు లెండి. మీరు మార్కులు వేయించుకుంది మందుల కౌంటరు దగ్గర. అక్కడిదాకా వచ్చారంటేనే డాక్టరు చూసినట్టు. మిగిలినవాళ్ళు మీ లెక్కలోకి రానేలేదు! నవ్వొస్తోంది కదూ? నవ్వండి, ఫర్వాలేదు.

రెండూ పక్కపక్కన పెడితేనే కదా హాలంతా కనబడింది! అలాగే రాసేస్తాను. మీ తప్పు ముందు, నా తప్పు తర్వాత... సరే సరే, రెండూ ఒకే వాక్యంలో.

ఇంకో తప్పు కూడా ఉందండీ. జనం మాట వినడం నా పని అని ఊరంతా చెప్పుకుంటాను. విన్నదేమో మాట్లాడేవాళ్ళనే. నోరు విప్పని మనిషిని ఒక్కసారీ అడగలేదు. హాల్లోనూ అంతే, ఇంట్లోనూ అంతే. నాకు బాధగా ఉంది.

పోనీ, మీ పద్ధతిలోనే అడుగుతాను. ఒకటి నుంచి అయిదు దాకా, నా మీద కోపం ఎంత? వేళ్ళు చూపించండి చాలు.

అయిదా! అదేంటి, రెండో చెయ్యి కూడా ఎత్తుతున్నారు?

సరే. ఇప్పుడు నా పద్ధతి. ఇలా వచ్చి కూర్చోండి. ఎందుకో చెప్పండి, నేను నోరు మూసుకుంటాను.