మొఖం కనవడాలె

నిజామాబాద్‌లో బీడీలు చుట్టే వాడ. పొద్దున్నే అందరితో కూర్చుని బీడీలు చుట్టడానికి లింగవ్వ రాలేదని సుమిత్రమ్మ ఆమె ఇంటి వెనక గుమ్మం దగ్గరికి వచ్చింది.

“మెల్లగ మాట్లాడక్కా. లోపల ఫోన్ల పోలీసులున్నరు.”

“ఫోన్ల పోలీసులేంది?”

“వీడియోల. మొఖం కనవడుతుండాలె అన్నరు. నీళ్లు తాగొస్త అని లేసిన. నువ్వు పో.”

“పోను. ఏమన్నరు?”

“ఎవ్వలికి చెప్పద్దన్నరు.”

“లింగవ్వా, బీడీలకాడ మనం ఏమనుకున్నం? భయపెట్టే ఫోనొస్తే ముందుగాల పక్కదానికి చెప్పాలె అన్నది నువ్వే గదా. మనతోని బీడీలు చుట్టే రుక్మాబాయి పైసలు గసొంటి ఫోన్ల పోతుంటే ఆపింది నువ్వే.”

“గవి పైసలక్కా. ఇది నితీష్.”

“నీ కొడుకుకేమైంది?”

“దుబాయ్‌ల పట్టుకున్నరట. బ్యాగుల ఏందో దొరికిందట. నేను ఫోను బంద్ చేస్తే ఇగ జైలేనట.”

“వాళ్లకు మొఖం ఎట్ల సూపిచ్చినవే?”

“మన వేళ్లు అరిగి ముద్ర పడకుంటే పింఛనుకు మొఖమే ఫోటో తీస్తరు గదా. ఇది గూడ గసొంటిదే అనుకున్న. రెప్పలు కొట్టుమంటే కొట్టిన. నితీష్ నంబరు అడిగితే చెప్పిన. అటెన్క నాకు ఏడుపు ఆగలే.”

“పైసలెంత అడిగిండ్రు?”

“ఒక్క రూపాయి అడగలే. దొంగలైతే అడగరా అక్కా?”

“అడగలేదా?”

“అడగలే. ఊకె కూసోమన్నరు. పొద్దుగాల సంది కూసున్న.”

“నితీష్‌కు ఫోన్ చేసినవా?”

“ఎట్ల చేస్త? ఉన్నది ఒక్క ఫోను. అది లోపల వాళ్ల వీడియోలనే ఉన్నది.”

“నా ఫోనుంది. నంబరు చెప్పు.”

“వద్దక్కా, నీ కాళ్లు మొక్కుత. నీకేం, నీ కొడుకు ఇంట్లనే ఉన్నడు.”

“ఉన్నడు, తాగి పన్నడు. నంబరు చెప్పు.”

“వాళ్లకు తెలిస్తే?”

“తెలిస్తే నన్ను పట్టుకపొమ్మను. చెప్పే.”

“…రాసుకో.”

“మోగుతున్నది. పట్టు.”

“నితీష్… కొడుకా, యాడున్నవ్? రూములనా? నిన్నెవ్వలు పట్టుకోలేదా? అక్కా, రూములనే ఉన్నడు. మంచిగనే ఉన్నడు.”

“వాళ్లు దొంగలే. గా లోపలి ఫోను పోయి బంద్ చెయ్. ఆగు, వాడేందో అంటున్నడు. స్పీకర్ పెడ్త.”

“ఎవరి ఫోను అవ్వా ఇది? నిన్ను ఇడిసిపెట్టిండ్రా? టేషన్ల కూసోని ఏడుస్తున్నవని వీడియోల సూపిచ్చిండ్రు. దోస్తులకాడ అడుక్కోని, ఉన్నకాడికి పైసలన్ని ఇప్పుడే వాళ్లకు పంపిన.”