ఎవరు, ఎక్కడ, ఎటు

కాలేజీ లైబ్రరీ. భోజనాల వేళ దాటింది. పుస్తకాలిచ్చే బల్లకి ఒక పక్క ఈమధ్యే చేరిన లైబ్రేరియన్, ఇంకో పక్క బాస్కెట్‌బాల్ కోచ్.

"మీరు తెచ్చింది నవల కాదు సార్. గనుల శాఖ వార్షిక నివేదిక."

"అవునా? లావుగా ఉంటేనూ..."

"లావు చూసి తీసుకుంటారా ఎవరైనా? క్లాసిక్ కావాలన్నారు, బీరువా చూపించాను. మీరేమో నేరుగా పక్క బీరువాలో చెయ్యి పెట్టారు."

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా."

"పోయినసారి కూడా ఇంట్లోనే ఉంది సార్."

"దానికి ఇల్లంటే ఇష్టం. సరే, నువ్వే ఒకటి తీసియ్యి. చదవదగ్గ పాత పుస్తకం. పదిమందీ మంచిదని ఒప్పుకున్నది."

"ఎలాంటిది? ప్రేమా, యుద్ధమా?"

"జనం ఉండాలి. బోలెడంత మంది. అందరూ ఒకే గదిలో ఉండాలి. ఒకడు లేస్తూ, ఒకడు కూర్చుంటూ, ఒకామె తలుపు చాటున వింటూ... అలాంటిది."

"క్లాసిక్‌ని ఇలా అడిగినవాళ్లని నేను చూళ్లేదు."

"ఉందా, లేదా?"

"ఉంది. ఆస్తి పంపకాల నవల. తాతగారు పోయాక హాల్లో మొదలవుతుంది. ఎంతకీ ఆ హాల్లోంచి కథ బయటికి రాదు. చాలామంది అక్కడే వదిలేస్తారు."

"అదే కావాలి. ఒక పేజీ చదివి వినిపించు."

"నేనా? ఇది లైబ్రరీ సార్."

"మెల్లగా చదువు. నా చెవులు భేషుగ్గా పనిచేస్తాయి."

"నాకు తలమునకలుగా పనుంది సార్."

"ఒక్క పేజీ. నీకు పుణ్యముంటుంది."

"మీతో వేగలేం... సరే. 'పెద్దకోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె వెనక నుంచి మూడో కొడుకు తొంగిచూశాడు. కిటికీ దగ్గరున్న అల్లుడు దగ్గినట్టు దగ్గి, తాళాలున్న బల్ల వైపు ఒక అడుగు వేశాడు. అది చిన్న కూతురు ఒక్కతే గమనించింది.' చాలా?"

"చాలు. ఇప్పుడు పుస్తకం మూసి చెప్పు. తాళాలకి దగ్గరగా ఎవరున్నారు?"

"అల్లుడు."

"ఆయన్ని కనిపెడుతున్నది?"

"చిన్న కూతురు. ఇదేం పరీక్ష సార్?"

"మూడో కొడుకు?"

"పెద్దకోడలి వెనక. ఆవిడ తప్పుకుంటే గానీ లోపలికి రాలేడు. మీకేం కావాలో సూటిగా చెప్పండి సార్, నాకు విసుగొస్తోంది."

"దొరికావమ్మా. నీకోసమే వెతుకుతున్నట్టున్నాను ఇన్నాళ్లూ. మా అసిస్టెంటు కోచ్ వెళ్లిపోయాడని విన్నావుగా?"

"విన్నాను. వేరే కాలేజీవాళ్లు పెద్ద కోచ్‌గా పిలిచారటగా."

"వాడి చోట్లో ఎవరు కావాలో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమన్నారు ప్రిన్సిపాల్. లేకపోతే ఆయనకి తెలిసిన మనిషిని కూర్చోబెడతారట. నేను నీ పేరు చెప్తా."

"నా పేరా? బంతి బుట్టలో పడితే చప్పట్లు కొట్టాలి. అంతకు మించి నాకు తెలీదు సార్."

"తెలియక్కర్లేదు. ఆట నాకు తెలుసు."

"ఆడినవాళ్లే దొరకలేదా మీకు?"

"వచ్చారు. పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. 'అబ్బ, భలే వేసింది సార్' అంటారు. ఎవరు వేశారు? ఎక్కడ్నుంచి? ఎవర్ని దాటుకుని? అదేదీ చెప్పరు. మీరూ చూస్తున్నారుగా అనుకుంటారు."

"మీరూ చూస్తారుగా మరి?"

"... ఏంటా చప్పుడు?"

"తలుపు సార్. తెరుచుకుంది."

"గాలి. ఈ కాలేజీలో ఒక్క తలుపూ సరిగ్గా పడదు. ఏదీ, ఏమన్నావు?"

"ఏం లేదు సార్. పుస్తకం తీసుకెళ్లండి. తీరిగ్గా మాట్లాడుకుందాం."

"లేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేను. నాకు కళ్లు కనబడవమ్మా."

"సార్."

"కటిక చీకటని కాదు. వెలుతురు తెలుస్తుంది. అడ్డంగా ఏదైనా కదిలితే తెలుస్తుంది. నువ్వున్నావని తెలుస్తోంది, నీ మొహం మాత్రం లేదు."

"సార్, ఇప్పుడొద్దు. రేపు నేనే మీ ఇంటికొచ్చి వింటాను."

"అడ్డు రాకమ్మా. ఆగితే నోరు పెగలదు. మా అసిస్టెంటు కుర్రాడు బెంచీ మీద నా చెవి పక్కనే కూర్చుని అంతా చెప్పేవాడు. ఎవరు, ఎక్కడ, ఎటు. చూసేవాళ్లు మేమిద్దరం ఎత్తులు వేస్తున్నామనుకునేవాళ్లు. మొదట్లో వాడికీ చెప్పడం రాదు. 'అయ్యో' అనేవాడు. 'అయ్యో' వింటే నాకేం తెలుస్తుంది? అందుకే ఈ పుస్తకాలు పట్టుకెళ్లి రోజూ నాకు చదివి వినిపించమన్నాను."

"అందుకా క్లాసిక్స్?"

"అందుకే. ఆ పాతకాలం వాళ్లకి తొందర లేదు. గదిలోకి మనిషి వస్తే ఎటు నుంచి వచ్చాడో, ఎవరి పక్కన కూర్చున్నాడో, ఎవరు మొహం తిప్పుకున్నారో అంతా చెప్తారు. చదవగా చదవగా వాడికి పట్టుబడింది. ఆఖరికి నాకంటే వాడికే పిచ్చి పట్టింది. మ్యాచ్ లేని రోజు కూడా వచ్చి చదివేవాడు. ఆ పిల్లాడు వెళ్లిపోయాక ఇంట్లో చప్పుడే లేదు."

"ఈ సంగతి మీరే ప్రిన్సిపాల్ గారికి చెప్పుకుంటే మంచిది సార్. ఇప్పుడే. నేనూ వస్తాను."

"చెప్తే? నాలుగు మంచి మాటలు మాట్లాడి గేటు దాకా సాగనంపుతారు. ఆయనకి స్కోరు బోర్డు తప్ప ఇంకేదీ కనబడదు. నాకంటే గుడ్డివాడు."

"సార్, మాట జాగ్రత్త."

"ఇక్కడెవరున్నారులే."

"సార్, నేనొక మాటంటాను, ఏమీ అనుకోవద్దు. చూపు లేనప్పుడు మానెయ్యొచ్చుగా?"

"మానేసి ఏం చెయ్యను? చెప్పు. గోడలు తడుముకుంటూ కూర్చోనా? ఆ పిల్లల బూట్ల చప్పుడు విని ఎవరు అలిసిపోయారో చెప్పేస్తాను. బంతి నేలకి తగిలిన తీరు వింటే ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. ఇది తప్ప నాకింకేం రాదమ్మా. ఈ ఒక్క ఏడాది. ఈసారి ఫైనలు దాకా తీసుకెళ్తానని వాళ్లకి మాటిచ్చాను. ఆ తర్వాత నేనే వెళ్లి చెప్పేస్తా. బతిమాలుతున్నాను."

"ఏడవకండి సార్. నా సంగతి కూడా వినండి. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేసేది ప్రిన్సిపాల్ గారు. మా అమ్మా, తమ్ముడూ నా మీదే ఉన్నారు. నన్నిందులోకి లాగకండి."

"నీ మీద ఈగ వాలనివ్వను. మనిద్దరి మధ్యే ఉంటుంది. నాకు ఒక్కటే భయం. నువ్వు జాలిపడే రకమేమోనని."

"జాలిపడితే తప్పా?"

"తప్పే. ఆ కుర్రాడు ఒక్కసారి జాలిపడ్డాడు. గెలుపు మీద మనసు పెట్టుకుని ఉన్నాను కదా, నా మొహం చూడలేక, మా జట్టులో పొడుగమ్మాయి కుంటుతోందని చెప్పలేదు. బాగుంది సార్, బాగుంది సార్ అన్నాడు. నేను ఆడించాను. ఆ పిల్ల మంచమెక్కింది. వాళ్లమ్మ వచ్చి 'మీకు కళ్లు లేవా' అని అడిగింది. నేనేం చెప్పను?"

"అయ్యో సార్... ఇదిక్కడ చెప్పాల్సింది కాదు."

"నీకే చెప్తున్నా. చెడ్డది దాచకూడదు. నాకు గుండె ఆగిపోయేదైనా సరే, చెప్పెయ్యాలి. అది నీకు చేతనవుతుందా? ఏదీ, ఇప్పుడే చూద్దాం. ఈ గదిలో ఎవరెవరున్నారో చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఎవర్నీ వదలకుండా."

"కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరబ్బాయిలు. ఒకడు రాసుకుంటున్నాడు, రెండోవాడు పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతున్నాడు."

"నోరు తెరుచుకునా?"

"తెరుచుకునే. పేపర్ల స్టాండు దగ్గర ఫిజిక్స్ లెక్చరర్. చదువుతున్నట్టు పట్టుకున్నారు కానీ, పేజీ తిప్పడం లేదు. చూపు ఇటే ఉంది."

"మనల్ని చూస్తున్నాడా?"

"మనల్ని కాదు."

"సరే. ఇంకా?"

"నిచ్చెన మీద అటెండరు. పుస్తకాలు సర్దడం ఆపేసి కూర్చున్నాడు. అతనూ ఇటే చూస్తున్నాడు."

"భేష్. మా కుర్రాడు కూడా నీలా చెప్పలేడు. ఇంకా?"

"సార్, నాకు ఈ ఉద్యోగం కావాలి."

"ఉద్యోగానికేమైందిప్పుడు? నేను అడిగింది ఇంకెవరైనా ఉన్నారా అని. ఉంటే చెప్పు, లేకపోతే లేరను. నా మొహం చూసి మాట మింగకు. అదొక్కటే నేను నిన్ను కోరింది."

"మీ వెనక. తలుపుకి ఇవతల."

"ఎవరు?"

"ప్రిన్సిపాల్ గారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. మాట్లాడొద్దని నాకు వేలు చూపించారు. మీరు గాలి అన్నప్పట్నుంచీ అక్కడే ఉన్నారు సార్."

"... ఇప్పుడు?"

"కదిలారు. మీ ఎడమ పక్క నుంచి వస్తున్నారు."